బరువు మీదే బిగించాలి

ఈమధ్య సిరుగుప్ప బజారులో ఎవరైనా నన్ను ఆపి పలకరిస్తే, రెండో మాటగా అడిగేది శారద ఫోన్ నంబరు. "సావిత్రక్కా, బాగుండావా? శారదక్క నంబరు ఉంటే ఇయ్యక్కా, గాడి ఎనక కీచుమంటాంది" అంటారు. గాడి అంటే ఇక్కడ మోటారు సైకిలే. నంబరు నాకు నోటికొచ్చు, ఇస్తాను. ఒక అంకె మార్చి చెబుదామని చాలాసార్లు అనిపించింది. చెప్పలేదు. మంచితనం వల్ల కాదు. జీవితమంతా కొలతలతో పని చేసినదాన్ని, తప్పు అంకె నోట్లోంచి రాదు.

శారద నా యారాలు, మా మరిది భార్య. పని నేర్పింది నేనే. ఆదోని రోడ్డులో మా షెడ్డు మూసి ఏడాది దాటింది. ఇప్పుడు ఆమె భుజాన సంచి వేసుకుని, తన బండి మీద ఇంటింటికీ పోయి, వాళ్ల వాకిట్లోనే మోటారు సైకిళ్లు బాగు చేస్తుంది. మోక ఊరి దాకా పిలుస్తారు. ముఖ్యంగా పిలిచేది వెనక షాకుల బుష్‌లు మార్చడానికి. ఆ పనిలో ఒకప్పుడు ఈ చుట్టుపక్కల నా పేరే చెప్పేవాళ్లు.

పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. షెడ్డు ఎట్లా పెట్టాం, లైసెన్సు ఎట్లా వచ్చింది, పేపర్లో ఎప్పుడు ఫోటో పడింది, ఇవన్నీ వదిలేస్తాను. అవి ఎవరికీ పనికిరావు. బుష్ గురించి రాస్తాను. ఇద్దరు ముగ్గురు మనుషుల గురించి రాస్తాను. అసూయ గురించి కూడా రాస్తాను, ఎందుకంటే అది లేని మెకానిక్‌ను నేను ఇంతవరకు చూడలేదు. ఉండీ లేదనేవాళ్లను మాత్రం చాలామందిని చూశాను.

బుష్ అనే చిన్న వస్తువు

వెనక షాకుకు, అంటే గుంతల దెబ్బను మింగే స్ప్రింగుకు, పైన ఒక కన్ను, కింద ఒక కన్ను ఉంటాయి. పై కన్ను బండి చట్రానికి, కింది కన్ను వెనక చక్రాన్ని పట్టుకునే చిమ్టాకు తగులుకుంటాయి. ఆ కన్నులో కూర్చునే రబ్బరు ఉంగరమే బుష్. మధ్యలో ఒక ఇనుప గొట్టం ఉంటుంది, అందులోంచి బోల్టు పోతుంది. రెండు షాకులకు నాలుగు బుష్‌లు. అరచేతిలో నాలుగూ పట్టేస్తాయి. కానీ గుంతలో పడ్డప్పుడు ఇనుము ఇనుమును కొట్టకుండా ఆపేది అవే.

బుష్ పోయిందని ఎట్లా తెలుస్తుంది? హంపు ఎక్కేటప్పుడు కీచుమంటుంది, దిగేటప్పుడు టక్కుమంటుంది. వంపులో వెనక భాగం కొంచెం ఆలస్యంగా తిరిగినట్టు అనిపిస్తుంది. సెంటర్ స్టాండ్ మీద పెట్టి వెనక చక్రాన్ని రెండు చేతులతో పైకి కిందికి ఊపితే షాకు కన్ను దగ్గర ఆడుతుంది. అంత కనపడితే ఇక సందేహం అక్కర్లేదు.

మా వైపు బుష్‌లు తొందరగా పోతాయి. కాలువ నీళ్ల వరి మళ్లు, నల్లరేగడి. ఆ బురద కన్నులోకి దూరి ఎండితే ఉప్పుకాగితంలా రబ్బరును గీకుతుంది. దాని మీద రెండు వడ్ల మూటలు, ఒక మనిషి, కొన్నిసార్లు మూటల మీద ఇంకో మనిషి. తయారు చేసినవాళ్లు ఈ బరువును ఊహించి ఉండరు. మెకానిక్ అయినా ఊహించాలి.

ఈరన్న మామ

నాకు పని నేర్పింది మా అమ్మ తమ్ముడు ఈరన్న మామ. ఆడపిల్లకు పానా ఇచ్చినందుకు ఊళ్లో చాలా మాటలు పడ్డాడు గానీ, వాటి గురించి ఆయన ఒక్కసారీ మాట్లాడలేదు. అసలు ఆయన మాట్లాడేదే తక్కువ. నేను చేసిన పనిని చూసి "ఊఁ" అంటే బాగున్నట్టు. ఏమీ అనకుండా బోల్టు విప్పేస్తే మళ్లీ చేయాలి. నా చేత విప్పించేవాడు కూడా కాదు, తానే విప్పి నా ముందు పెట్టేవాడు. అది ఇంకా అవమానం.

మామ మూడు విషయాలు నేర్పాడు, మూడూ ఇప్పటికీ నిజమే.

పాత బుష్‌ను సుత్తితో కొట్టి తీయకూడదు. కన్ను సాగుతుంది, తర్వాత ఏ బుష్ పెట్టినా వదులే. కాల్చి తీయడం అంతకంటే చెడ్డది. షాకులో నూనె ఉంటుంది, కొన్నింటిలో గ్యాసు కూడా. దాని పక్కన మంట పెట్టేవాడు మెకానిక్ కాదు. మామ ఒక పనిముట్టు చేసి పెట్టుకున్నాడు. మరలు కోసిన పొడుగు కడ్డీ, రెండు నట్లు, రెండు గొట్టం ముక్కలు. చిన్న గొట్టం బుష్‌ను నెడుతుంది, పెద్ద గొట్టం అవతలి వైపు నిలబడి బుష్‌ను తనలోకి తీసుకుంటుంది. నట్టు తిప్పుకుంటూ పోతే బుష్ చప్పుడు లేకుండా బయటికి వస్తుంది. కొత్తది ఎక్కించడానికీ అదే, వెనక్కి తిప్పి.

రెండోది, కొత్త బుష్‌కు నూనె, గ్రీసు రాయకూడదు. సబ్బు నీళ్లే. నూనె తగిలిన రబ్బరు మొదట మెత్తగా, హాయిగా ఉంటుంది. కీచు కూడా ఆగిపోతుంది. తర్వాత ఉబ్బి, పిండిలా విడిపోతుంది.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. నట్టు చివరి బిగి బండి స్టాండ్ మీద ఉన్నప్పుడు ఇవ్వకూడదు. స్టాండ్ మీద వెనక చక్రం గాల్లో వేలాడుతుంది, షాకు పూర్తిగా సాగి ఉంటుంది. అప్పుడు బిగిస్తే బుష్ లోపలి గొట్టం అక్కడే పట్టేస్తుంది. బండి దించి మనిషి ఎక్కగానే షాకు కుంగుతుంది, రబ్బరు మెలిపడుతుంది. ఇక రోజంతా ఆ మెలిలోనే పని చేయాలి. కొన్ని నెలలకు చీలిపోతుంది. అందుకని మామ బండి కిందికి దించి, యజమానిని ఎక్కించి, "కూచో అప్పా, కదలద్దు" అని, అప్పుడు బిగించేవాడు. బరువు మీదే బిగించాలి అనేవాడు. ఆయన నోట నేను విన్న పొడుగాటి వాక్యాల్లో అది ఒకటి.

అన్నేళ్లలో మామ నన్ను ఒక్కసారీ మెచ్చుకోలేదు. శారద మా ఇంటికి కోడలుగా వచ్చి, ఇంట్లో ఊరికే కూర్చోలేక నా బండి వెనకాల ఎక్కి షెడ్డుకు రావడం మొదలుపెట్టిన రెండో ఏడు, ఒకరోజు తుప్పు పట్టిన కన్నులోంచి బుష్ తీసింది. మామ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తల ఎత్తి, "చెయ్యి బాగుండాది" అన్నాడు.

అంతే. ఆ రెండు మాటలు నాకు ఇప్పటికీ కడుపులో మంట. ఆ పొద్దు నేను పక్కనే పంక్చరు వేస్తున్నాను. ట్యూబు మీద గీకిందే గీకి ఇంకో చిల్లు చేశాను.

ఇంటి దగ్గర చేసేవాళ్లకు

ఇప్పుడు బుష్‌లు ఫోనులో తెప్పించుకుని, వీడియో చూసుకుంటూ ఇంటి దగ్గరే మార్చుకునేవాళ్లు పెరిగారు. తప్పేమీ లేదు. చేసుకోదగ్గ పనే. నేను షెడ్డులో కూర్చుని, చెడగొట్టుకుని వచ్చిన బండ్లను చూసి నేర్చుకున్నది చెబుతాను.

గట్టి నేల మీద, సమంగా ఉన్నచోట పెట్టండి. మా వైపు వాకిళ్లు వాననీళ్లు పోవడానికి వాలుగా ఉంటాయి, ముందు చక్రానికి ఇటుక అడ్డం పెట్టండి. నాలుగు నట్లనూ బండి నేల మీద నిలబడి ఉన్నప్పుడే ఒక చుట్టు వదులు చేసి, ఆ తర్వాత స్టాండ్ ఎక్కించండి. స్టాండ్ మీద ఊగిసలాడుతూ బలం పెడితే బండి మీ మీద పడుతుంది. సైలెన్సర్ అడ్డం వస్తే విప్పండి, వంచి దూర్చాలని చూడకండి.

రెండు షాకులూ ఒకేసారి తీయకండి. ఇది వీడియోల్లో చాలామంది చెప్పరు. ఒక వైపు తీసి, బుష్‌లు మార్చి, తగిలించి, ఆ తర్వాతే రెండో వైపు. రెండూ తీస్తే చిమ్టా చక్రంతో సహా కింద పడుతుంది. మళ్లీ ఎత్తి బోల్టు రంధ్రాలు కలపడానికి ఇద్దరు మనుషులు, ఒక గంట, ఇంటాయన నోటి దురుసు కావాలి.

పాత బుష్‌ను పారేయకుండా కొత్తదాని పక్కన పెట్టి చూడండి. బయటి చుట్టు, లోపలి రంధ్రం, గొట్టం పొడవు, మూడూ కలవాలి. గొట్టం రబ్బరు కంటే రెండు వైపులా కొంచెం బయటికి ఉండాలి. లేకపోతే వాషర్ రబ్బరును నొక్కేస్తుంది. చూపుతో సరిపోయింది అనుకోకండి, కొలవండి. నా దగ్గర పని చేసిన ఒకాయనకు చూపే కొలత. ఆయన బిగించిన బండ్లన్నీ తిరిగి నా దగ్గరికే వచ్చేవి.

చివరికి బండి దించి, మనిషిని ఎక్కించి, బిగించండి. ఇది మామ చెప్పింది.

ఇక్కడిదాకా అంతా నాకు తెలిసిందే. ఇక్కడి తర్వాతది శారదకు తెలిసింది.

దేశనూరు పాలాయన

బసవరాజు దేశనూరి నుంచి రోజూ పొద్దున పాలు తెచ్చి సిరుగుప్పలో పోస్తాడు. బండికి రెండు వైపులా క్యాన్లు. నా దగ్గరికి ఏళ్ల తరబడి వచ్చిన మనిషి, వేరే అంగడి మెట్టు ఎక్కి ఎరగడు. షెడ్డు మూసే ముందు ఏడాది ఆయన బుష్‌లు నిలవడం మానేశాయి. నేను మార్చినవి మూడు నెలలకే పిండి అయ్యాయి. మళ్లీ మార్చాను, మళ్లీ అంతే. వేలితో నొక్కితే రబ్బరు దిగబడేది. అది నూనె పని. సందేహమే లేదు.

"నూనె పోస్తాండావా బసవరాజూ?"

"ల్యాక్కా. నువ్వు వద్దంటివి గదా. నేను ముట్టను."

రెండోసారీ అదే అన్నాడు. షాకు సీలే కారుతోందేమోనని పూర్తిగా తుడిచి, నాలుగు రోజులు తిప్పించి చూశాను. పొడిగా ఉంది. మూడోసారి వచ్చినప్పుడు షెడ్డులో ఇంకో నలుగురు ఉన్నారు. నేను ఆ బుష్‌ను అందరి ముందూ పట్టుకుని, "నువ్వు ల్యాదంటావు, రబ్బరు ఔనంటాంది. ఎవుర్ని నమ్మల్లప్పా నేను?" అన్నాను.

బసవరాజు ముఖం చిన్నబోయింది. "రబ్బర్నే నమ్ముకో అక్కా. నేను పోతాండా" అని బండి తోసుకుంటూ పోయాడు. కొన్ని రోజులకు తెలిసింది, శారదను ఇంటికి పిలిచాడట.

అప్పటికి ఆమె సంచి పని మొదలుపెట్టి కొంతకాలమే అయింది. షెడ్డు మూయడానికి కీళ్లు అరిగిన నా చేతులు ఒక కారణం అయితే, ఈ సంచి ఇంకో కారణం. కానీ ఆరోజు నాకు ఒక ఆశ కలిగింది. నాకు లొంగని బుష్ ఆమెకు మాత్రం లొంగుతుందా? ఓడిపోయేది కళ్లారా చూడాలనిపించింది.

"నేనూ వస్తాండా దేశనూరికి" అన్నాను.

శారద సంచిలో గొట్టాలు సర్దుకుంటోంది. తల ఎత్తకుండానే, "ఎందుకక్కా, నీకు మోకాళ్ల నొప్పి గదా" అంది.

"మోకాళ్లతో నేనేమైనా బుష్ తీస్తానా?"

"సరే, ఎక్కు."

ఆమె వెనకాల కూర్చుని పోవడం నాకు అదే మొదలు. ఏళ్ల తరబడి ఆమె నా వెనకాల కూర్చుంది. దారంతా ఆమె భుజం మీది సంచి నా గడ్డానికి తగులుతూనే ఉంది.

బసవరాజు ఇంట్లో మమ్మల్ని అరుగు మీద కూర్చోమన్నారు. ఆయన తల్లి హంపమ్మ రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చి మొదటిది శారదకు ఇచ్చింది. పెద్దదాన్ని నేను. కరివేపాకు, అల్లం వేసిన మజ్జిగ. షెడ్డులో అన్నేళ్లు పని చేశాను, ఎవరూ నాకు మజ్జిగ ఇవ్వలేదు. షెడ్డుకు ఎవరు మజ్జిగ తెస్తారు? ఆ లెక్కన అసూయ పడడంలో అర్థం లేదు. అయినా పడ్డాను.

శారద బండిని చూసింది. బుష్‌లు విప్పింది, నొక్కి చూసింది, అచ్చం నేను చూసినట్టే. నూనె పని అని ఆమెకూ తెలిసిపోయింది. నేను బసవరాజు వైపు చూశాను. ఇప్పుడు అడుగుతుంది, వీడు లేదంటాడు, ఇద్దరికీ చెడుతుంది అనుకున్నాను.

శారద బసవరాజును ఏమీ అడగలేదు. మజ్జిగ గ్లాసు తిరిగి ఇస్తూ హంపమ్మతో, "గాడికి పూజ ఎవురు చేస్తారవ్వా? కుంకుమ శానా బాగ పెట్నారు" అంది.

హంపమ్మ పొంగిపోయింది. "ఇంకెవురు చేస్తారమ్మా, నేనే. వీనికి యాడ తీరుతాది. అమావాస్య అమావాస్యకు చేస్తా."

"ఒక్క అమావాస్య కూడా తప్పదా?"

"ఎట్ల తప్పుతాది? మాది బండి కట్టిన ఇల్లు. అమావాస్య ఎద్దులకు రజా, పని పెట్టము. ఆ పొద్దు బండి కడిగి, ఇరుసుకు నూనె పెట్టి, పూజ చేస్తాంటిమి. మా మామ కాలం నుంచి ఇదే. ఇప్పుడు ఎద్దులు ల్యావు, బండి ల్యాదు. ఇంటికి అన్నం పెట్టేది ఈ గాడే గదా. కడుగుతా, కుంకుమ పెడతా, యాడ యాడ తిరుగుతాదో ఆడంతా రోంత నూనె పెడతా."

"ఏం నూనె అవ్వా?"

"మా తమ్ముని ట్రాక్టరు నుంచి తీసింది. సీసాలో దాచిపెట్టినా."

బసవరాజు అక్కడే నిలబడి నోరు తెరిచాడు. ఆయనకూ తెలియదు. అమావాస్య పొద్దున ఆయన పాలు పోసి వచ్చి పడుకుంటాడు. ఆ పూట ముసలామె బండి కడిగి, అన్ని కీళ్లకూ నూనె పెట్టి, పూజ చేస్తుంది. సాయంత్రం ఆయన కాలువ దగ్గర సబ్బుతో ఇంకోసారి కడుగుతాడు. పైన ఒక చుక్క కనపడదు. లోపల రబ్బరు తాగేసి ఉంటుంది.

ఆయన బుష్‌లు ఎప్పుడెప్పుడు మార్చానో తేదీలన్నీ ఆ బండిలోనే ఉన్నాయి. మార్చిన ప్రతిసారీ చైన్ కవర్ లోపలి వైపు పెయింటుతో రాసే అలవాటు నాది. తేదీలు నావి. కారణం ఆమెకు దొరికింది.

నేనైతే అప్పుడే ఆ ముసలామెను తిట్టేదాన్ని. "ఎంత పని చేస్తివవ్వా" అని మొదలుపెట్టేదాన్ని. శారద ఆమె చెయ్యి పట్టుకుని బండి దగ్గరికి తీసుకుపోయి, చైన్ చూపించి, "నూనె ఈడ పెట్టవ్వా. ఆకలంతా దీనిదే. ఈ రబ్బర్లు ఉపాసం ఉండేవి, వీటికి కుంకుమ సాలు" అంది.

హంపమ్మ వంగి చూసి, "అట్లనా" అని, పైటకొంగుతో చైన్ కవర్ తుడిచింది. అక్కడితో అయిపోయింది. పూజ ఆగలేదు, నూనె ఆగలేదు, ముసలామె మనసు నొచ్చుకోలేదు, బుష్‌లు మాత్రం ఆ తర్వాత పిండి కాలేదు.

ఇది ఎక్కడ నేర్చుకుంది? నేను నేర్పలేదు. మామ నేర్పలేదు. నన్ను ఆ వాకిట్లో కూర్చోబెట్టి ఏడాది ఇచ్చినా పూజ ఎవరు చేస్తారని అడిగేదాన్ని కాదు. నూనె ఎవరు పోశారని అడిగేదాన్ని. నేను దొంగను వెతుకుతున్నాను, ఆ ఇంట్లో దొంగ లేడు.

పని అంతటితో అవలేదు. కొత్త బుష్‌లు ఎక్కించాక బండి దించింది. బసవరాజు ఎక్కబోయాడు.

"ఉండన్నా" అంది శారద. "క్యాన్లు యాడ?"

"ఖాలీవి ఉండాయి."

"నీళ్లు నింపి తగిలియ్యి. నువ్వు పాలతో గదా పోయేది."

రెండు క్యాన్లలో బోరు నీళ్లు నింపి, కొక్కేలకు తగిలించి, బసవరాజు ఎక్కి కూర్చున్నాడు. బండి వెనక ఎంత కుంగిందో నేను అరుగు మీద నుంచే చూశాను. నేను ఎప్పుడూ ఆయన్ని ఒక్కడినే కూర్చోబెట్టి బిగించాను. షెడ్డుకు ఆయన క్యాన్లు ఇంట్లో పెట్టి వచ్చేవాడు. రిపేరుకు వచ్చేవాడు పాలు మోసుకుని వస్తాడా?

బరువు మీదే బిగించాలి అని మామ అన్నాడు. ఎవరి బరువు, ఏ బరువు అని నేను ఎప్పుడూ ఆగి ఆలోచించలేదు. షెడ్డుకు బండి వస్తుంది, మనిషి వస్తాడు. ఆ మనిషి మోసేది ఇంట్లోనే ఉంటుంది. ఈ మాట నాది కావాల్సింది. దీనికోసం నేను ఆమె మీద ఇప్పటికీ కుళ్లుకుంటాను.

బయలుదేరేటప్పుడు బసవరాజు నా దగ్గరికి వచ్చి, "అక్కా, నేను అబద్ధం చెప్పలేదు గదా" అన్నాడు.

"చెప్పలేదప్పా" అన్నాను.

ఇంకేమైనా అంటానేమోనని కొంచెంసేపు నిలబడ్డాడు. "చైన్ రోంత వదులుండాది, చూసుకో" అన్నాను.

తిరిగి వస్తుంటే శారద అడిగింది. "ఏమీ అనవేందక్కా?"

"ఏం అనల్ల?"

"బాగుండాది అనొచ్చు."

"ఆ మాట మామ నీకు ఎప్పుడో చెప్పినాడు గదా. సాలు."

బండి పక్కకు ఆపేసింది. వరికోత మిషను ఒకటి ఎదురుగా వస్తోంది, దానికోసం ఆపిందనుకున్నాను. నవ్వడానికి ఆపింది.

"అది ఇంకా పెట్టుకోనుండావా మనసులో? అక్కా, ఆ పొద్దు మామకు రెండు కండ్లలోనూ పొర. ఆపరేషన్ కాలేదింకా. యాడో చెయ్యి కదిలింది, బాగుండాది అన్నాడు. నీ చెయ్యే అనుకున్నాడేమో."

"నేను పంక్చరు వేస్తాంటి."

"ఆయప్పకు అది కనపడల్ల గదా."

నేను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఆమె అప్పటికప్పుడు అల్లి ఉండొచ్చు, మాటలు అల్లడం ఆమెకు వచ్చు. మామ ఇప్పుడు లేడు, అడగడానికి. కానీ సిరుగుప్ప చేరేదాకా నేను ఆ సంగతే తిరగేస్తూ ఉన్నాను. మామ కంటి ఆపరేషన్ ఏ ఏడు, శారద రెండో ఏడు ఏ ఏడు అని కలిపి చూశాను. కుదురుతుంది. కుదిరినంత మాత్రాన నిజమని కాదు.

నా బండి

నా బండి నేను ఇంకా నడుపుతాను. కూరగాయలకు, బ్యాంకుకు, గుడికి. మొన్న దాని వెనక కూడా కీచు మొదలైంది. కొత్త బుష్‌లు తెచ్చుకున్నాను, సెంటర్ స్టాండ్ వేశాను, పానా పట్టుకున్నాను. కుడి బొటనవేలు పట్టు ఇవ్వలేదు. కీలు అరిగిపోయిందని డాక్టరు చెప్పి చాలా రోజులైంది. నట్టు నా వైపు చూస్తూ ఉండిపోయింది.

ఎవరిని పిలవాలి? బస్టాండ్ దగ్గర ఇద్దరు ఉన్నారు, ఇద్దరూ సుత్తివాళ్లు. ఒక రోజంతా కీచుతోనే తిరిగాను. బజారులో ఒకాయన, "అక్కా, నీ గాడే అరుస్తాందే" అన్నాడు. ఇంటికొచ్చి నంబరు నొక్కాను. నోటికొచ్చిన నంబరే.

శారద వచ్చింది. ఇంకా విప్పని నట్టును, నా చేతిని చూసి, "నీ బొటనేలికి బుష్ దొరకదక్కా, సైజు ఆపేసినారు" అంది.

"వాగద్దు. పని చూడు."

చేసింది. ఒక వైపు తీసి, మార్చి, తగిలించి, తర్వాత రెండో వైపు. గొట్టం పొడవు కొలిచింది, సబ్బు నీళ్లు రాసింది. ఒక్కచోటైనా తప్పు దొరుకుతుందేమోనని పక్కనే ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాను. దొరకలేదు. నేను వద్దని నేర్పిన పని ఏదీ ఆమె చేయలేదు.

బండి దించింది. "ఎక్కు" అంది.

ఎక్కి కూర్చున్నాను. ఆమె కింద కూర్చుని, పానా నట్టు మీద పెట్టి, ఆగింది.

"ఎనకాల ఎవురెక్కుతారు?"

మా ఆయన ఆడదాని వెనకాల కూర్చోడు. పెళ్లయినప్పటి నుంచి అదే పట్టు, రైసు మిల్లు పనికి నడిచైనా పోతాడు గానీ ఎక్కడు. ఆ సీటు మీద ఇన్నేళ్లలో కూర్చుంది ఒక్కతే. రోజూ పొద్దున టిఫిను డబ్బా ఒళ్లో పెట్టుకుని, షెడ్డు దాకా ఏదో ఒకటి మాట్లాడుతూ వచ్చేది.

"నువ్వే గదా ఎక్కేదానివి" అన్నాను.

"నాకిప్పుడు నా గాడి ఉండాది గదక్కా."

"ఉండాది."

"మరి ఎట్ల బిగించల్ల?"

కూరగాయల సంచి బరువు చెబుదామా అనుకున్నాను. అది చెప్పడం మరీ చిన్నతనం.

"ఒక్కదానికే బిగించు" అన్నాను.

బిగించింది. ఆమె టీ పెట్టుకోవడానికి లోపలికి పోగానే దిగి, ఎడమ చేత్తో పానా నట్టు మీద పెట్టి నెట్టి చూశాను. రవ్వంత కూడా కదల్లేదు. ఎక్కువా లేదు, తక్కువా లేదు. మామ నాకు నేర్పిన బిగే అది, నేను ఆమెకు ఇచ్చిన బిగే.

"నమ్మవా?" అంది శారద గుమ్మంలోంచి.

"నీ పనిని కాదు మే. పానా జారతాందేమో చూస్తాండా."

టీ తాగింది. ఫోను మోగింది. మోక నుంచి ఎవరో. "వస్తాండా అప్పా, గాడి మీద ఎవరెవరు ఎక్కుతారో అందర్నీ ఇంట్లో ఉండమను" అని చెప్పి సంచి భుజాన వేసుకుంది. తన బండి తీసింది.

మా వీధి చివర పెద్ద హంపు ఉంది. ఊరి బండ్లన్నీ అక్కడ ఏదో ఒకటి చెప్పాల్సిందే. మెకానిక్ సొంత బండి ఎప్పుడూ అరుస్తూనే ఉంటుంది, ఊళ్లో అందరివీ చేసి తనది చేసుకునే తీరిక ఉండదు. నాది కూడా అట్లానే అరిచేది. గేటు పట్టుకుని నిలబడి చెవి పెట్టాను. ఒక్కసారి, చిన్నగా అయినా, కీచుమంటే చాలనుకున్నాను.

శారద బండి హంపు ఎక్కింది, దిగింది, ఆదోని రోడ్డు వైపు తిరిగింది. ఏ చప్పుడూ రాలేదు.